గివ్ అప్: దత్తమండలంలో ఒక క్రియాపదం

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చినవాడు ఒక మధ్యాహ్నం ఇంగ్లీషు వ్యాకరణం ముందేసుకొని కూర్చొని, "మామా, గివ్ అప్ అంటే ఏంది?" అని అడిగినాడు. నేను పత్రిక మీది నుంచి తల ఎత్తకుండానే "వదిలేయడం" అన్నాను. వాడు రాసుకొన్నాడు. అయిదు నిమిషాల తరువాత మళ్ళీ, "దొంగ పోలీసులకు తనను తాను వదిలేసినాడు అంటే ఎట్లుంటాది మామా?" అన్నాడు. అప్పుడు పత్రిక మడిచి పక్కన పెట్టక తప్పలేదు.

వాడి పుస్తకంలోని ఉదాహరణలు ఒక్కొక్కటే తెలుగు చేస్తూ పోతే సంగతి బోధపడింది. ఒకాయన చుట్ట తాగడం గివ్ అప్ చేసినాడు: మానేసినాడు. విద్యార్థి లెక్కను గివ్ అప్ చేసినాడు: చేతులెత్తేసినాడు. బస్సులో యువకుడు ముసలమ్మకు సీటు గివ్ అప్ చేసినాడు: లేచి ఇచ్చినాడు. దొంగ తనను తాను గివ్ అప్ చేసుకొన్నాడు: లొంగిపోయినాడు. వైద్యులు రోగిని గివ్ అప్ చేసినారు: ఆశ వదులుకొన్నారు, లేదా మన ఊళ్ళలో అన్నట్లు పెదవి విరిచినారు. రాజు కోటను గివ్ అప్ చేసినాడు: అప్పగించినాడు. అక్కడ ఒకే మాట, ఇక్కడ ఆరు మాటలు. ఇంగ్లీషు గొప్పదా తెలుగు గొప్పదా అన్న పోటీ నాకు అక్కరలేదు. నన్ను పట్టుకొన్నది వేరే సంగతి. ఇంగ్లీషువాడు ఈ మాట వాడినప్పుడు చెప్పకుండా దాటవేసే విషయాన్ని మనం తెలుగు చేసేటప్పుడు చెప్పి తీరవలసి వస్తున్నది. ఇచ్చినవాడు ఇష్టపడి ఇచ్చినాడా? ఇచ్చినందువల్ల పోయింది ఎవరికి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోనిదే తెలుగులో క్రియ దొరకదు.

క్రియకు అప్, ఆఫ్, అవుట్ వంటి చిన్నమాట తోకగా చేరి కొత్త అర్థం పుట్టించే ఈ రకపు పదబంధాలకు ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన పుస్తకంలో వాడినప్పటి నుంచి వ్యాప్తికి వచ్చింది. ఆ పేరు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకొన్నాడు. పేరు కొత్తదే గాని వస్తువు చాలా పాతది. గివ్ అప్ సంగతే చూడండి. పన్నెండో శతాబ్దం నడుమ పీటర్‌బరో మఠంలోని సన్యాసి ఒకడు స్టీఫెన్ రాజు కాలపు అరాచకాన్ని వృత్తాంతంగా రాసినాడు. ఆ రాజు ఇద్దరు బిషప్పులను, వాళ్ళ బంధువైన మరొకనిని పట్టి, తమ కోటలను "గివ్ అప్" చేసేదాకా చెరలో ఉంచినాడని అందులో ఉన్నది. ఆ భాష నేటి ఇంగ్లీషుకు ఎంత దూరమైనా మాట మాత్రం ఇదే. మానేయడం, చేతులెత్తేయడం, సీటివ్వడం వంటి అర్థాలన్నీ తరువాత వచ్చి చేరినవే. తొలినాటి ఆ వాడుకలో అది కోట మాట. కోట గోడ బయట ఒకడు కత్తి పట్టుకొని నిలబడి ఉన్నప్పుడు లోపలివాడు చేసే పని అది. అయినా వాక్యంలో కర్త ఎవరు? లోపలివాడే. కత్తి పట్టుకొన్నవాడికి ఆ క్రియలో చోటే లేదు!

మన భాషలోనూ ఇటువంటి తోకలకు లోటు లేదు. అవి క్రియ తరువాత మరో క్రియగా వచ్చి చేరుతాయి. ఇచ్చు వేరు, ఇచ్చివేయు వేరు. విడుచు వేరు, విడిచిపెట్టు వేరు. వేయు చేరితే పని తెగిపోయినట్లు, ఇంకా అయిపోయినట్లు. పోవు చేరితే పని కర్త అదుపులో లేనట్లు. అందుకే లొంగిపోతాం, ఓడిపోతాం, మునిగిపోతాం. వీటన్నిటిలో చమత్కారమైనది కొను. వ్యాకర్తలు దానిని ఆత్మార్థకం అన్నారు. పని ఫలం కర్తకే చెందుతుందని భావం: వండుకొన్నాడు, కట్టుకొన్నాడు, దాచుకొన్నాడు. ఫలమంటే లాభమే కానక్కరలేదు గదా. వదులుకొన్నాడు, పోగొట్టుకొన్నాడు, చెడగొట్టుకొన్నాడు అన్నప్పుడు నష్టం కూడా అట్లాగే తిరిగి వచ్చి కర్త ఒళ్ళో పడుతుంది. "పొలం వదిలేసినాడు" అంటే వాడికి అక్కరలేకపోయింది. "పొలం వదులుకొన్నాడు" అంటే ఆ పొలం వాడిదే, పోయిందీ వాడికే, కడుపు కాలిందీ వాడికే. గివ్ అప్‌కు ఈ తేడా తెలియదు.

1820 ఆగస్టు ప్రాంతంలో కడపకు ఉద్యోగానికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ తోకల చిక్కు తప్పకుండా పడి ఉంటాడు. 1852లో వెలువడిన ఆయన నిఘంటువులలో, ముఖ్యంగా ఇంగ్లీషు నుంచి తెలుగుకు చేసినదానిలో, జనం నోట నలిగిన మాటలకే పెద్దపీట. కడపలో ఆయన బంగళా ఉండిన చోటునే జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఏళ్ళ తరబడి తిరిగి గ్రంథాలయం నిలబెట్టినారు. ఆయనను కదిలించిన పని అది. ఆయన దానిని గివ్ అప్ చేయలేదని చెప్పుకొంటే ఈ వ్యాసంలో ఆ మాటకు దక్కే మంచి వాడుక అదొక్కటే అవుతుందేమో.

ఇక మన సీమ కథకు వస్తాను.

కర్నూలు, కడప, అనంతపురం, బళ్ళారి ప్రాంతాలకు ఒక శతాబ్దం పైగా ఉండిన అధికారిక నామం సీడెడ్ డిస్ట్రిక్ట్స్. తెలుగులో దత్తమండలాలు. 1792లోనూ, శ్రీరంగపట్నం కూలిన 1799లోనూ టిప్పు సుల్తాను రాజ్యం నుంచి నిజాము వంతుకు వచ్చిన నేల ఇది. 1800 అక్టోబరు 12న కుదిరిన ఒడంబడికలో నిజాం అలీ ఖాన్ దీనినంతా ఈస్టిండియా కంపెనీకి రాసి ఇచ్చినాడు. ఎందుకు? కంపెనీ సైన్యం తన రాజ్యంలో తన రక్షణకే ఉన్నది గనుక ఆ సైన్యం జీతాల కింద. తనను కాపాడుతామని వచ్చి కూర్చొన్న సైన్యానికి తిండి పెట్టడం కోసం, తాను నిండా తొమ్మిదేళ్ళు కూడా అనుభవించని నేలను ఇచ్చినాడు. కర్నూలుది మరింత చిత్రం. అక్కడ నవాబు ఉన్నాడు. నేల నవాబు చేతిలోనే ఉండగా, అతని దగ్గర పేష్కష్ పుచ్చుకొనే హక్కును మాత్రం నిజాము కంపెనీకి బదలాయించినాడు. 1839లో కంపెనీ నవాబు గులాం రసూల్ ఖానును పదవి నుంచి దించి తిరుచిరాపల్లికి పంపి, కర్నూలును తానే ఏలుకొన్నది.

ఆ ఒడంబడిక ఇంగ్లీషులో సీడ్ అన్నది. ఇది లాటిను మాట. పక్కకు తప్పుకోవడం, వెనక్కి తగ్గడం దాని మూలార్థం. దొరల ఇంట్లో పుట్టిన మాట గనుక దస్తావేజుకు ఎక్కింది. గివ్ అప్ ఊరి మాట గనుక బయట నిలబడింది. రెండింటి పనీ ఒకటే. దానిని మనవాళ్ళు "దత్త" అని సంస్కృతం చేసినారు. నాకు ఎన్నాళ్ళుగానో కొరకరాని కొయ్య ఇదే. దత్తము అంటే ఇవ్వబడినది. ఎవరిచేత అన్నది అందులో లేదు, ఎందుకన్నది అంతకన్నా లేదు. పైగా తెలుగువాడి చెవికి దత్త అనగానే దత్తత గుర్తుకు వస్తుంది. బిడ్డలు లేని ఇంటికి బిడ్డను ఇచ్చినట్లు, ఉభయుల సంతోషంతో, పసుపు కుంకుమలతో జరిగిన శుభకార్యం అన్నట్లు. వెనుకటి అనువాదకుడెవరో నేనెరుగను గాని, ఆయన ఎంచుకొన్న మాట కత్తిని మాత్రమే కాదు, కోటనే కనబడకుండా చేసింది. అప్పగింత మండలాలు అని ఉంటే? అదీ పెండ్లి మాటే కదా అనవచ్చు. నిజమే, కాని మన పెండ్లిండ్లలో అప్పగింతలప్పుడు ఎవరూ నవ్వరు.

ఇచ్చినవాడు ఇచ్చినాడు, పుచ్చుకొన్నవాడు పుచ్చుకొన్నాడు. మధ్యలో ఉన్నవాళ్ళను అడిగినవారు లేరు. 1800లో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్కలో ఈ నేల మీద ఎనభై మంది పాలెగాళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక గడి, కొండమీద ఒక బురుజు, చేతికింద కట్టుబడి బంట్లు. వాళ్ళు మంచివాళ్ళు, ప్రజారక్షకులు అని నేను చెప్పబోవడం లేదు. పాలెగాళ్ళ దోపిడీకి రైతులు పెట్టిన శాపనార్థాలు మన ఊళ్ళ కథలలో ఇంకా ఉన్నాయి. అయితే గివ్ అప్ అన్న మాట తొలి అర్థంలో, కోట అప్పగించడం అన్న అర్థంలో, వాళ్ళకు అన్వయించినంతగా ఇంకెవరికీ అన్వయించదు. జనరల్ క్యాంబెల్ సైన్యం గడి తరువాత గడి పట్టుకొంటూ పోయింది. కొందరు అప్పగించి పింఛను పుచ్చుకొన్నారు, కొందరు కొండలెక్కినారు. పాలెగాళ్ళే కాదు, ఊళ్ళు కూడా తిరగబడినాయి. 1801 చివర ఆదోని వైపు తెర్నేకల్లు కోటలో జనం శిస్తుకు ఎదురుతిరిగి, మొదట వచ్చిన కంపెనీ దండును వెనక్కి కొట్టినారు. తరువాత పెద్ద దండు వచ్చింది, కోట పోయింది.

మన్రో పేరు ఎత్తినాను గనుక ఒక మాట. ఇనాము భూములను సర్కారు తిరిగి లాక్కొనే పనికి ఇంగ్లీషులో రిజంప్షన్ అని పేరు. మంత్రాలయం మఠం ఊరిని అట్లా కలుపుకోవడానికి వెళ్ళిన మన్రోతో బృందావనంలోని రాఘవేంద్రస్వామి స్వయంగా మాట్లాడినాడనీ, దొర మనసు మార్చుకొని వెనుదిరిగినాడనీ ఐతిహ్యం. నమ్మేవారు నమ్ముతారు. నాకు ఆ కథలో నచ్చేది, సర్కారు తాను అడగదలచుకొన్నది అడగకుండా గివ్ అప్ చేసినట్లు చెప్పే కథ మన సీమలో బహుశా అదొక్కటే కావడం.

పింఛను పుచ్చుకొన్న పాలెగాళ్ళ మనుమల తరానికి వచ్చేసరికి ఏమి మిగిలిందో చూడాలంటే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చాలు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి వైపు బంధుత్వం మీద, తండ్రి ద్వారా తన ఇంటికి దక్కిన పింఛను వాటా నెలకు 11 రూపాయల చిల్లర. ఏలిన నేలకు బదులుగా మిగిలింది అది. దానిలోనూ పేచీలు వచ్చినాయి, కట్టుబడి బంట్ల ఇనాములు సర్కారు లాక్కొన్నది. 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడినాడు. అక్టోబరులో పెరుసోమల దగ్గర పట్టుబడినాడు. పట్టుబడినాడు అంటున్నాను, లొంగిపోయినాడు అనడం లేదు. జానపదుల పాటల్లో ఈ తేడా ప్రాణంతో సమానం. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసి, తలను కోట గుమ్మానికి వేలాడగట్టినారు. అది దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయింది.

దత్త అన్న మాట మీద అసహ్యం పుట్టడానికి 1928 దాకా పట్టింది. ఆ నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడే దత్తమండల సభ కూడా జరిగింది. అనంతపురం కళాశాలలో తెలుగు చెప్పుతుండిన చిలుకూరి నారాయణరావుగారు ఇకమీదట ఈ ప్రాంతాన్ని రాయలసీమ అందామని ప్రతిపాదించినారు, సభ ఒప్పుకొన్నది. ఆయన మన సీమవాడు కారు, ఉత్తరాంధ్ర మనిషి. భాషాశాస్త్రం మథించిన పండితుడు గనుక మాటలో గుచ్చుకొనే ముల్లు ఎక్కడుందో పరాయివాడైనా కనిపెట్టినాడు. ఇవ్వబడిన నేల పోయి, ఏలిన రాయల నేల వచ్చింది. క్రియ పోయి నామవాచకం వచ్చిందన్నమాట.

అయినా పాత పేరు పూర్తిగా పోలేదు. సినిమా పంపిణీదారుల లెక్కల్లో నేటికీ మనం "సీడెడ్". నైజాం, సీడెడ్, ఆంధ్ర అంటూ ఏ పెద్ద హీరో సినిమా వచ్చినా వసూళ్ళు ఏకరువు పెడతారు. నిజాము పోయి, కంపెనీ పోయి, ఒడంబడిక మీద సంతకాలు చేసిన దొరలు మట్టిలో కలిసి రెండు శతాబ్దాలు దాటినా, మొదటి ఆట టికెట్టు దగ్గర ఆ 1800 నాటి పత్రం ఇంకా అమలులోనే ఉన్నది! మా మేనల్లుడికి ఈ సంగతి చెబితే పాఠమంతటిలో వాడికి నచ్చింది ఇదొక్కటే.

తరువాతి కథ మనలో చాలామందికి తెలిసినదే గనుక త్వరగా చెబుతాను. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్‌లో ఒప్పందం జరిగింది. ఆ మేరకు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు వచ్చింది. టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వంలో చాలా కచేరీలు గుడారాలలో నడిచినాయి. అదే రోజున బళ్ళారి మైసూరుకు పోయింది; ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం మనకు మిగిలినాయి. మూడేళ్ళు నిండి ఒక నెల గడిచేసరికి, 1956 నవంబరు 1న విశాలాంధ్ర ఏర్పడి రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది.

దీనికి మన నాయకులూ పత్రికలూ వాడుతూ వచ్చిన మాట త్యాగం. "రాయలసీమ రాజధానిని త్యాగం చేసింది." ఈ వాక్యం ఎన్ని సభల్లో విన్నానో లెక్కలేదు. మనం సంతోషంతో తల ఊపుతాం కూడా. త్యాగం సంస్కృతంలో విడవడమే గాని, తెలుగులోకి వచ్చి పెద్దమనిషి మాటైపోయింది. త్యాగం చేసినవాడికి దండ వేయవచ్చు. అంతటితో లెక్క సరి. వదులుకొన్నవాడికి మాత్రం బాకీ ఉంటుంది. ఆ తేడా తెలిసినవారు త్యాగం అన్న మాటనే ఎంచుకొన్నారేమో అని నాకు అనుమానం. విశాలాంధ్ర కోరినవారు మన సీమలోనూ ఉన్నారు, మనసారా కోరినారు. వారి విషయంలో త్యాగం సరైన మాటే. రాజధాని పోతున్నదని బాధపడినవారూ ఉన్నారు. వాళ్ళకు ఆ మాట అంటగట్టడం అన్యాయం. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్న చట్టం వచ్చి, 2021 నవంబరులో ఉపసంహరణ అయినప్పుడు, ఇంకా చేతికి రానిదానిని కూడా వదులుకోవచ్చునా అన్న వ్యాకరణ సందేహం నాకు కలిగింది. దానిని అట్లాగే వదిలేస్తున్నాను.

శ్రీశైలం విషయంలో ఆ పాటి సందేహం కూడా లేదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట వెనుక నీళ్ళు నిలిచేసరికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు నూరు ఊళ్ళు మునిగినాయి. లక్ష మందికి తక్కువ కాకుండా ఇండ్లు విడిచినారు. 1981లో ఇండ్లు పడగొట్టి ఖాళీ చేయించినారు. అప్పటి వార్తల్లోనూ అర్జీల్లోనూ "భూములు త్యాగం చేసిన రైతులు" అన్న మాట కనబడుతుంది. ఇల్లు కూల్చి పంపినవాడికి త్యాగి అన్న బిరుదు! సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ నీళ్ళలోనే ఉంటుంది. ఎండాకాలంలో నీటిమట్టం దిగినప్పుడు శిఖరం, ఆ తరువాత గోడలు, చివరకు గర్భగుడి బయటపడతాయి. పూజారి వెళ్ళి బురద కడిగి దీపం పెడతాడు. ఆ కొన్ని వారాల కోసం జనం పుట్టీలలో, పడవలలో వస్తారు. ఒకమారు నేనూ వెళ్ళినాను. తడి ఇంకా ఆరని మెట్ల మీద కూర్చొని ఒక ముసలాయన నీళ్ళవైపు చెయ్యి చాచి "అద్దో, ఆడ మా ఇల్లు" అని మనుమడికి చూపిస్తున్నాడు. "మాది ఉండె" అనలేదు. "మా ఇల్లు" అన్నాడు.

అన్నట్లు, తెలుగులో గివ్ అప్‌కు మరో పలుకుబడి ఉన్నది: నీళ్ళొదులుకోవడం. "ఆ బాకీకి నీళ్ళొదులుకోవలసిందే" అంటాం. పోయినవాళ్ళకు నువ్వులూ నీళ్ళూ వదలడం నుంచి వచ్చింది. దానమిచ్చేటప్పుడు కూడా నీళ్ళే కదా ధార పోస్తాం. ఇష్టంగా ఇచ్చినా నీళ్ళే, పోయిందనుకొన్నా నీళ్ళే. ఏటా నీళ్ళ కోసం ఆకాశం చూసే సీమలో ఈ పలుకుబడి ఇంత ధారాళంగా వాడడం ఒక వింత. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వినప్పుడు, నల్లరేగడికి నీటి పారుదల పడదనీ, నీటి తీరువ ఎక్కువనీ రైతులు చాలామంది ఆ నీళ్ళు వద్దన్నారు. కంపెనీ నష్టపోయి, 1882లో కాలువ సర్కారుకు చేరింది. ఇంగ్లీషులో దీనిని టేక్ ఓవర్ అంటారు. ఆ మాట సంగతి మరొకమారు.

ఇక చివరికి ఉంచుకొన్న కాగితం దగ్గరకు వస్తాను. ఈ వ్యాసం నిజానికి దానికోసమే.

కొన్నేళ్ళ కిందట కడప జిల్లాలోని మా పెదనాయన ఇంట్లో పాత పెట్టె ఒకటి తెరిచినాము. చెదలు తిన్న పట్టాలు, శిస్తు రసీదులు, ఒక పంచాంగం. మా పెదనాయన ఒక మడత కాగితం తీసి, "ఇది మా తాతకు నాయన ఇచ్చిన రాజీనామా" అన్నాడు. నాకు సంతోషం కలిగింది. మా వంశంలో అంతవెనుకటి కాలంలోనే ఎవరో ఉద్యోగం చేసినారన్నమాట, పైగా ఆత్మగౌరవం కొద్దీ రాజీనామా ఇచ్చినారన్నమాట అనుకొన్నాను. ఏ కచేరీలో పని చేసినాడని అడిగితే పెదనాయన నన్ను వింతగా చూసినాడు. "కచేరీ ఏందిరా, సేద్యం."

అప్పుడు తెలిసింది. మద్రాసు రాజధానిలో, మన్రో నాటిన రైత్వారీ పద్ధతిలో, రైతు నేరుగా సర్కారుకు శిస్తుదారు. ఖాళీ పొలం కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఉన్న పొలం వద్దంటే గడువులోగా రాజీనామా రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఏడు విత్తనం వేసినా వేయకపోయినా, గింజ పండినా పండకపోయినా శిస్తు తల మీద ఉంటుంది. దరఖాస్తు, రాజీనామా అన్నవి ఒకే తలుపుకు లోపలికి, బయటికి వెళ్ళే దారులు. నేడు మంత్రులు సమర్పించే రాజీనామా పల్లెల్లో ముందు రైతులు సమర్పించిన రాజీనామాయే. పారసీకంలో రాజీ అంటే సమ్మతి, నామా అంటే పత్రం. సమ్మతి పత్రం. ఉర్దూవారికి నేటికీ అది ఇరుపక్షాలు కుదుర్చుకొన్న ఒడంబడికే. ఉద్యోగం విడవడానికి వాళ్ళకు ఇస్తీఫా అన్న వేరే మాట ఉన్నది. తెలుగులో మాత్రం రాజీ కోర్టు మెట్ల దగ్గర ఉండిపోయి, రాజీనామా వదులుకోవడమైంది.

మా ముత్తాత తండ్రి కాగితం ధాత కరువు కాలపుది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. ఆ కరువు 1878 దాకా సాగింది. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య జనం సుమారు నాలుగో వంతు తగ్గిపోయినారు. చచ్చినవాళ్ళెందరో, దేశాంతరం పోయినవాళ్ళెందరో ఆ అంకెలో కలిసిపోయి ఉన్నారు. ఎద్దులు ముందే చచ్చినాయి. ఎద్దులు లేని రైతుకు పొలం శిస్తు తప్ప మరేమీ కాదు. అటువంటి ఏట పొలాన్ని వదిలించుకోవడమే బ్రతకడం. మా వాళ్ళ కుటుంబంలో ఆ కరువులో మిగిలింది ఆయనా, ఆయన చిన్న కొడుకూ అని పెదనాయన చెప్పినాడు. పెద్దవాళ్ళ గురించి అడిగితే "పోయిరి" అన్నాడు, అంతే.

కాగితం మీద కరణం దస్తూరి గుండ్రంగా, శ్రద్ధగా ఉన్నది. చదువగలిగినంత మేరకు, రైతు తన ఇష్టపూర్వకంగా ఈ పొలం మీద హక్కు లేదని ఒప్పుకొంటున్నట్లు ఉన్నది. ఆ చివర ఆయన నిశానీ: నాగలి గుర్తు. చేవ్రాలు రాని రైతులు నాగలి గీయడం ఆ కాలపు వాడుక. సమ్మతి అన్న మాట కరణం రాసినాడు. నాగలి మాత్రం ఆయనే గీసినాడు, వంకరగా, మేడి ఒకవైపు ఒరిగిపోయి.

మేనల్లుడికి ఆ కాగితం చూపించినాను. వాడు చాలాసేపు చూసి, "అయితే దీన్ని గివ్ అప్ అనాలా, వద్దా?" అన్నాడు. ఇంగ్లీషులో అదే అంటారని చెప్పినాను. వాడు పుస్తకంలో సొంత వాక్యం రాయవలసిన చోట మా ముత్తాత తండ్రి తన పొలాన్ని గివ్ అప్ చేసినాడని రాసుకొన్నాడు. సెలవులు అయినాక బడిలో దానికి సరి గుర్తు వేసి ఇచ్చినారట, ఫోనులో చెప్పినాడు.

ఆ పొలానికి మరుసటి ఏళ్ళలో ఇంకొకరు దరఖాస్తు పెట్టుకొన్నారు. ఆ తరువాత రెండుమార్లు చేతులు మారింది. ఇప్పుడు అందులో బోరు వేసి చీనీ చెట్లు పెట్టినారు. ఊళ్ళో దాని పేరు మాత్రం ఇంకా మా ఇంటిపేరు చేనే. పట్టాదారు కూడా కూలీలను పిలిచేటప్పుడు ఆ పేరే చెబుతాడు.